రాతిగోడల ఇంటికి ఏ రూటర్?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాత మిద్దె, రాతిగోడలు. నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్. పడసాలలో వైఫై బాగానే వస్తుంది. మా అబ్బాయి బెంగళూరు కంపెనీ పని ఇంటి నుంచే చేసుకుంటాడు. వాడు వెనక గదిలో కూర్చుంటే మీటింగ్ మధ్యలో మాట తెగిపోతోంది. అంగట్లో అడిగితే ఆరు యాంటెనాల రూటర్ తీసుకోమన్నారు, ఆరు వేలట. అంత పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ ఆరు వేలు ఇప్పుడే ఇవ్వొద్దు. మీ ఇబ్బంది రూటర్‌తో వచ్చింది కాదు, గోడతో వచ్చింది.

కడపలో ఇళ్ళకూ అంగళ్ళకూ నెట్ వైర్లు లాగే పని నాది. కొత్త అపార్ట్‌మెంట్లలో ఎప్పుడూ ఎదురుకాని తంటా మన పాత మిద్దెల్లో ప్రతిసారీ ఎదురవుతుంది. జమ్మలమడుగు వైపు ఒక ఇంటికి పోయినప్పుడు గోడకు టేపు పెట్టి చూశాను, అడుగున్నర మీదే ఉంది. అటూ ఇటూ నాపరాయి, నడుమ మట్టి. రూటరేమో దీపం పెట్టుకునే గూట్లో, అంటే గోడ కడుపులోనే కూర్చుంది. దాని పక్కనే ఇనుప బీరువా. పడసాలలో 90 ఎంబీపీఎస్ వస్తుంటే వెనక గదిలో 6 కూడా నిలబడలేదు.

ఎందుకంటే, రూటర్ రెండు రకాల తరంగాలు వదులుతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ దాటే సత్తువ తక్కువ. 2.4ది కొంచెం దూరం పోతుంది, కానీ వేగం తక్కువ. పైగా చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలన్నీ అదే దారిలో తోసుకుంటుంటాయి. యాంటెనాలు ఆరున్నా ఎనిమిదున్నా, రూటర్ ఎంత బలంగా తరంగాలు వదలొచ్చో నిబంధనల్లో హద్దు ఉంది. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. రూటర్ మాట ల్యాప్‌టాప్‌కు వినపడితే చాలదు, ల్యాప్‌టాప్ మాట కూడా అదే గోడ దాటి రూటర్‌కు చేరాలి. దానికి అంత గొంతు ఉండదు. ఆ యాంటెనాలు చూసి మోసపోయినవాళ్ళను నేను ఎందరినో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మొదట పైసా ఖర్చు లేని పని చేయండి. రూటర్ డబ్బా మీ ఇంట్లోనూ గూట్లోనే ఉంటే బయటికి తీసి, వెనక గది తలుపుకు ఎదురుగా, ఛాతీ ఎత్తులో పెట్టించండి. తలుపు సందులో నుంచి తరంగాలు పోతాయి, రాయిలో నుంచి పోవు. డబ్బాకు వచ్చే సన్నటి ఫైబర్ తీగను మాత్రం మడవొద్దు. లోపల గాజు, మడిస్తే విరుగుతుంది. పొడవు చాలకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్ళనే పిలవండి. నేను చెప్పిన ఇంట్లో ఇంత మాత్రానికే 6 కాస్తా 25 అయింది. వీడియో మీటింగ్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. మీ పని ఇక్కడితోనే అయిపోవచ్చు.

అది చాలకపోతే రూటర్ కంటే ముందు వైరు కొనండి. ఇప్పటి డబ్బా వెనక ల్యాన్ అని రాసిన రంధ్రం నుంచి వెనక గది దాకా ఒక క్యాట్ 6 వైరు (నెట్ కోసం వాడే రాగి వైరు) లాగించాలి. వంద మీటర్ల దాకా వేగం తగ్గదు. గోడకు రంధ్రం కొట్టడానికి మనసొప్పకపోతే తలుపు మీదుగా తెప్పించుకోవచ్చు. ఆ ఇంట్లో మేము గవాక్షి గుండా పైకి తీసి, మిద్దె మీద పైపులో నడిపి, వెనక గది గవాక్షిలో దించాము. పైపు లేకపోతే మన ఎండకు వైరు తోలు పెళుసెక్కుతుంది. కరెంటు తీగల పైపులో మాత్రం దూర్చొద్దు.

వైరు కొనేటప్పుడు అంగట్లోనే కొస తెంపించి, లోపలి తీగను బ్లేడుతో గీకి చూడండి. గీకినచోట కూడా ఎర్రగానే ఉంటే అసలు రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత, అది వద్దు. ధర తేడా కొంచెమే గానీ, పూత వైరు బిగించినచోట తొందరగా తెగుతుంది.

ఇక ఆ వైరు కొసన పెట్టే రూటర్. దాని అట్టపెట్టె మీద డ్యూయల్ బ్యాండ్ (పైన చెప్పిన రెండు రకాల తరంగాలూ వదిలేది) అని, గిగాబిట్ పోర్టులు (వెయ్యి ఎంబీపీఎస్ దాకా పంపే వైరు రంధ్రాలు) అని, రెండూ ఉండాలి. కొన్ని చౌక రూటర్లకు 1200 అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, వెనక పోర్టులేమో వందవే. ఇవాళ మీ ప్లాన్‌కు అవీ సరిపోతాయి, రేపు ప్లాన్ పెంచితే వందకు దాటవు. రెండు, రెండున్నర వేలలో మంచిది దొరుకుతుంది. 2019 నుంచి వస్తున్న వైఫై 6 రకం అదే ధరకు దొరికితే తీసుకోండి, దానికోసం రెట్టింపు పెట్టొద్దు. బిగించేవాళ్ళను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పద్ధతిలో పెట్టమనండి. రెండు రూటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెడితే ఫోన్ ఏ గదిలో ఉంటే ఆ రూటర్‌ను పట్టుకుంటుంది. 2.4లో మాత్రం ఒకదానికి ఛానల్ 1, రెండోదానికి 11 పెట్టించండి, ఒకదానికొకటి అడ్డు రావు.

వైరు లేకుండా ప్లగ్గులో గుచ్చే రిపీటర్ (రూటర్ వైఫైని అందుకుని మళ్ళీ వదిలేది) మీ ఇంటికి వద్దమ్మా. అది గోడకు ఇవతల ఉంటే అటువైపు అందించలేదు, అవతల ఉంటే దానికే అందదు.

ప్రశ్న: అనంతపురంలో ఉంటాం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయినప్పుడల్లా రెండు మూడు నిమిషాలు నెట్ ఉండదు. రూటర్ చెడిపోయిందా?
– ఒక విద్యార్థి

జవాబు: చెడిపోలేదు బాబూ. ఇన్వర్టర్ అందుకునేలోపు రెప్పపాటు కరెంటు ఆగుతుంది, ఆ కాస్తకే రూటర్ ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి లేస్తుంది. రూటర్లకని చిన్న యూపీఎస్‌లు, అంటే కరెంటు పోయినా రెప్పపాటు కూడా ఆగనివ్వని బ్యాటరీ డబ్బాలు దొరుకుతాయి. కొనేముందు మీ అడాప్టర్ మీద అవుట్‌పుట్ అన్నచోట ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు ఉందో రాసుకుని పోండి. చాలావాటికి 12 వోల్టులే, కొన్నింటికి 9 ఉంటుంది. 9 వోల్టుల రూటర్‌ను 12 వోల్టులకు తగిలిస్తే కాలిపోవచ్చు. ఫైబర్ డబ్బా వేరే, రూటర్ వేరే ఉంటే రెండింటికీ యూపీఎస్ కావాలి.