ఆఫీసులో చెప్పాలా, వద్దా?

ప్రశ్న: ఆటిజం ఉన్న మా అబ్బాయి ఈమధ్యే ఇక్కడొక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరాడు. గోల భరించలేక చెవులు మూసుకుంటున్నాడట. ఆఫీసులో చెప్పేస్తానంటున్నాడు, బంధువులు దాచమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, అది మీ అబ్బాయి తేల్చుకోవలసిన విషయం; అతను తేల్చుకున్నాడు కూడా. బంధువులు ఎంత దగ్గరివారైనా ఈ ఒక్క విషయంలో వారి మాట పక్కన పెట్టండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించవలసిన బాధ్యతను ఆ చట్టం ప్రైవేటు సంస్థలపైనా పెట్టింది. కాబట్టి తనకు ఏం కావాలో, అంటే గోడవైపు సీటు, హెడ్‌ఫోన్లకు అనుమతి, నోటిమాటగా కాక మెయిల్‌లో పని అప్పగించడం వంటివి, హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా తెలియజేయమనండి. దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు (యూడీఐడీ) లేకపోతే దానికీ దరఖాస్తు చేయించండి.