పాలసీ కుటుంబంలో అక్క లేదు

ప్రశ్న: మాది విజయవాడ, ఆటోనగర్‌లో ఉద్యోగం. పది లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) ఉంది. భర్త పోయిన మా అక్క (52) పదిహేనేళ్లుగా మాతోనే ఉంటోంది. ఆమెకు పిత్తాశయం ఆపరేషనైతే క్లెయిమ్ ఇవ్వలేదు. మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాను. ఇల్లు తనఖా పెట్టి ఎనిమిది లక్షలు తీసుకుని, బాకీ పోగా మిగిలింది షేర్లలో పెట్టనా?

జవాబు: వద్దండీ. ఉన్న ఇంటి మీద అప్పు తెచ్చి షేర్లు కొనే ఆలోచనే మానుకోండి. మూడు రూపాయలంటే ఏడాదికి నూటికి 36. నెలకు 6,000 కడుతున్నా అసలు రూపాయి తగ్గదు. ఇంట్లో బంగారముంటే ఈ వారమే బ్యాంకులో పెట్టి ఆ బాకీ తీర్చేయండి. అక్కడ రూపాయి లోపే.

అసలు పొరపాటు పాలసీ తీసుకున్న రోజే జరిగింది. బీరువాలోంచి ఆ కాగితాలు తీసి షెడ్యూలు చూడండి. పేరు, వయసు, సంబంధం అని గడులుంటాయి. అందులో ఎక్కిన పేర్లే కంపెనీకి కుటుంబం. మన పెద్దవాళ్లు భార్యనే ‘మా కుటుంబం’ అనేవారు. ఫ్లోటర్లు చాలావరకు ఆ లెక్కలోనే నడుస్తాయి: మీరు, మీ ఆవిడ, పిల్లలు, అడిగితే అమ్మానాన్నలు. ఒకే పొయ్యి మీద వండుకు తిన్నా అక్క అందులోకి రాదు. ఆదాయపు పన్నులోనూ అంతే, ఆమె ప్రీమియం మీరు కట్టినా మినహాయింపు రాదు. పీఎఫ్‌లో కూడా, పెళ్లయిన మీరు ఆమె పేరు నామినీగా రాస్తే చెల్లదు. ఆమెకేమైనా ఇవ్వాలనుకుంటే వీలునామా రాయండి.

ఇప్పుడు చేయాల్సింది అక్క పేరున విడిగా ఐదు లక్షల పాలసీ. ఆలస్యం చేయకండి, వయసుతోపాటు ప్రీమియం పెరుగుతుంది. ఫారంలో బీపీ, షుగరు, మొన్నటి ఆపరేషను అన్నీ రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి, దాచిన జబ్బే రేపు క్లెయిమ్‌కు అడ్డుపడుతుంది. అమ్మానాన్నలుంటే వాళ్లకూ విడి పాలసీయే మేలు, ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో పెద్ద వయసును బట్టి వేస్తారు. అక్క పేరు బియ్యం కార్డులో ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో సచివాలయంలో కనుక్కోండి.

కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతా వైద్యానికి మొదటి 30 రోజులు చెల్లించరు. పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే వడ్డీకి పోయే ఆ 6,000లో బంగారం అప్పుకు, అక్క ప్రీమియానికి పోగా మిగిలింది నెలనెలా బ్యాంకు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లో వేసి, కనీసం లక్షన్నర అయ్యేదాకా ముట్టుకోకండి.