అరకు హోంస్టేకు ప్రభుత్వ సాయం: ఎంత ఆశించాలి, ఎంత అప్పు చేయాలి?

ప్రశ్న: మాది అరకు లోయకు దగ్గరలో, డుంబ్రిగుడ మండలంలోని ఒక గ్రామం. ఆదివాసీ కుటుంబం. సొంత ఇంటి పక్కనే రెండు గదులు కట్టి పర్యాటకులకు అద్దెకిస్తున్నాం. గత ఏడాది రెండు గదులూ కలిపి 190 రాత్రులు నిండాయి. రాత్రికి రూ.1,500 చొప్పున వచ్చినా, ఖర్చులు పోగా చేతిలో మిగిలింది దాదాపు రూ.1.40 లక్షలు. మావారు కాఫీ తోట చూసుకుంటారు. మా దగ్గర రూ.3.5 లక్షల పొదుపు ఉంది. మరో నాలుగు గదులు, భోజనశాల కట్టడానికి రూ.18 లక్షలవుతుందని కాంట్రాక్టరు అంటున్నాడు. రెండు గదులే కడితే రూ.6.5 లక్షలు, పాత గదుల మరమ్మతుకు రూ.లక్ష అవుతుందని మా ఊరి మేస్త్రీ లెక్క చెప్పాడు. పర్యాటకానికి ప్రభుత్వం కోట్లు ఇస్తోందని పేపర్లో చదివాం. రూ.40 వేలు ఇస్తే సగం సబ్సిడీతో రుణం ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి అంటున్నాడు. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: మీరు లెక్కలన్నీ దాచకుండా రాయడం వల్ల సూటిగా సమాధానం చెప్పగలుగుతున్నాను. రూ.18 లక్షల నిర్మాణం ఇప్పుడు వద్దు. మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. అయితే మీ కుటుంబానికి సరిగ్గా సరిపోయే సాయం ఒకటి నిజంగానే ఉంది కనుక ముందు దాని సంగతి చూద్దాం.

మీరు పేపర్లో చదివిన కోట్లు, మీ చేతికి రాగల డబ్బు ఒకటి కావు. ఉదాహరణకు గండికోట అభివృద్ధికి రూ.77.91 కోట్లు, రాజమహేంద్రవరంలోని అఖండ గోదావరి ప్రాజెక్టుకు రూ.94.44 కోట్లు 2024లో మంజూరయ్యాయి. అవి 50 ఏళ్లలో తీర్చేలా కేంద్రం రాష్ట్రానికి వడ్డీ లేకుండా ఇచ్చిన రుణాలు. పర్యాటక ప్రదేశాల అభివృద్ధికి కేంద్రం నడిపే స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద అరకు-లంబసింగి ప్రాంతం ఎంపికైనా, ఆ నిధులు కూడా పర్యాటక ప్రదేశంలోని సౌకర్యాలకే వెళతాయి. వాటివల్ల నాలుగేళ్లకో అయిదేళ్లకో మీకు అతిథులు పెరగవచ్చు. ఆ పెరుగుదలను నమ్ముకొని ఈరోజే అప్పు చేయడం మాత్రం ప్రమాదకరం.

మీరు అడగవలసిన సాయం 2024 అక్టోబరు 2న ప్రారంభమైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్‌లో ఉంది. అయిదేళ్లపాటు సాగే ఈ కార్యక్రమంలో భాగంగా, గిరిజన కుటుంబాలు నడిపే వెయ్యి హోంస్టేలకు పర్యాటక మంత్రిత్వ శాఖ ద్వారా చేయూతనివ్వాలని కేంద్రం నిర్ణయించింది. కొత్తగా రెండు గదులు కట్టుకునే కుటుంబానికి రూ.5 లక్షల వరకు, ఉన్న గదులను బాగుచేసుకోవడానికి రూ.3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు మరో రూ.5 లక్షల వరకు ఇవ్వవచ్చు. ఇవన్నీ గరిష్ఠ పరిమితులే గాని అందరికీ అంత మొత్తం వస్తుందన్న హామీ కాదు. పైగా దేశం మొత్తానికి వెయ్యి హోంస్టేలంటే మన్యంలోని ప్రతి ఊరికీ అందేంత సంఖ్య కాదు. అందువల్ల పాడేరులోని ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయానికి, జిల్లా పర్యాటక అధికారి వద్దకు స్వయంగా వెళ్లి, మీ గ్రామం ప్రతిపాదనల్లో ఉందో లేదో అడగండి. లేకపోతే చేర్చమని గ్రామసభ తీర్మానంతో అర్జీ పెట్టండి. ఒక్కరుగా వెళ్లడం కన్నా, మీ ఊరిలో గదులు అద్దెకిచ్చే నాలుగైదు కుటుంబాలు కలిసి వెళితే ఉమ్మడి అవసరాల సాయం కూడా అడగడానికి వీలుంటుంది.

ఇక రుణాల విషయం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోంస్టేలకు ముద్రా రుణాలు, అంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే రుణాలు, ఇస్తామని ప్రకటించారు. ముద్రాలో తాకట్టు అవసరం లేదన్నది మీకు పెద్ద ఊరట. అందులో కిశోర్ అనే విభాగం కింద రూ.5 లక్షల వరకు, తరుణ్ కింద రూ.10 లక్షల వరకు ఇస్తారు. రూ.20 లక్షల వరకు ఇచ్చే తరుణ్ ప్లస్ మాత్రం, అంతకుముందు తరుణ్ రుణం తీసుకొని సక్రమంగా తీర్చినవారికే. అంటే మీ రూ.18 లక్షల పథకంలో పొదుపంతా పెట్టినా ఇంకా కావలసిన రూ.14.5 లక్షలు ముద్రాలో దొరకవు. ఆ లోటు పూడ్చుకోవడానికి ప్రైవేటు వడ్డీలకు వెళ్లిన కుటుంబాలు ఎలా నలిగిపోతాయో నేను చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒకవేళ అప్పు దొరికినా తీర్చే దారి కనిపించడం లేదు. 11 శాతం వడ్డీతో అయిదేళ్లకు లెక్కవేస్తే రూ.14.5 లక్షలకు నెలకు సుమారు రూ.31,500, ఏడాదికి రూ.3.78 లక్షలు కట్టాలి. ఆరు గదులూ ఇప్పటి రెండు గదుల్లాగే నిండుతాయని అనుకున్నా మిగులు రూ.4.20 లక్షలే. అవి అలా నిండవు కూడా. చలికాలపు శని, ఆదివారాల్లో గదులు చాలకపోయినా, ఏడాదిలో చాలా రోజులు మీ రెండు గదులే ఖాళీగా ఉంటున్నాయి కదా! కొత్త గది పాత గది సంపాదనలో 70 శాతం తెస్తే బాగానే నడిచినట్టు.

ఇదే కొలతతో మేస్త్రీ చెప్పిన రెండు గదులను చూడండి. అత్యవసరానికి రూ.లక్ష పక్కన పెట్టి, రూ.2.5 లక్షల సొంత డబ్బుకు రూ.5 లక్షల కిశోర్ రుణం కలిపితే కొత్త గదులు, మరమ్మతు రెండూ పూర్తవుతాయి. కానీ వాయిదాలకు ఏడాదికి సుమారు రూ.1.30 లక్షలు పోతాయి, కొత్త గదులు తెచ్చేది రూ.98 వేలు. అంటే అయిదేళ్లపాటు ఏటా రూ.32 వేలు మీ ఇప్పటి సంపాదన నుంచి తీసి కట్టాలి. అదే రెండు గదులకు ప్రభుత్వ సాయం రూ.5 లక్షలు మంజూరైతే అప్పే అక్కరలేదు. సాయం ఈ నిర్మాణానికి ఎంత కీలకమో దీన్నిబట్టి అర్థమవుతుంది. సాయం వస్తుంది కదా అని గదుల సంఖ్య పెంచకండి, వచ్చిన సాయంతో అప్పును తగ్గించుకోండి.

కాబట్టి ఈ ఏడాది రూ.లక్షతో పాత గదుల మరమ్మతు ఒక్కటే చేయించండి. వేడినీళ్లు, కురవని పైకప్పు, కరెంటు పోయినప్పుడు వెలిగే దీపం ఉంటే చలికాలపు రద్దీలో అద్దె కొంత పెంచినా అతిథులు కాదనరు. అయితే ఇంటి పేరుమీద సాయానికి అర్జీ పెట్టేముందు, ఆ మరమ్మతును కూడా అందులో చూపవచ్చేమో అధికారులను అడగండి. సాధారణంగా మంజూరుకు ముందే ముగించిన పనిని లెక్కలోకి తీసుకోరు. డబ్బు కూడా విడతలుగా, తనిఖీల తర్వాత వస్తుందనుకొనే ప్రణాళిక వేసుకోవాలి.

చలికాలం మీకు రెండు పనుల కాలమన్న సంగతి మీ లేఖలో కనిపించలేదు. నవంబరు నుంచి జనవరి వరకు అతిథులు వచ్చే రోజుల్లోనే కాఫీ పండ్ల కోత కూడా ఉంటుంది. ఆరు గదులకు కూలిమనిషిని పెట్టుకుంటే ఆ జీతం లెక్కలోకి రావాలి. తోటను, గదులను కలిపి చూపిస్తే, కోత రోజుల్లో పండు కోయడం, ఎండబెట్టడం చూడాలని వచ్చే అతిథి ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఉండే వీలుంది. వానాకాలంలో జలపాతాల కోసం వచ్చేవారిని ఆకట్టుకోగలిగితే ఖాళీ రాత్రులు తగ్గుతాయి. కొత్త గోడలకన్నా ఇవే చవకైన పెట్టుబడులు.

మధ్యవర్తి చెప్పే సగం సబ్సిడీ బహుశా ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకాన్ని పెంచి చెప్పడం కావచ్చు. అందులో గ్రామీణ ప్రాంతపు ఎస్టీ, మహిళా దరఖాస్తుదారులకు గరిష్ఠ రాయితీ 35 శాతమే. ఆ మొత్తం కూడా మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాకే రుణానికి జమ అవుతుంది. ఈ పథకం తొలి రుణం కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్న మీ గదులను మీవారి పేరుమీద కొత్తవిగా చూపిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. తనిఖీలో తేలితే రాయితీ పోయి అప్పు మొత్తం మీ మీద పడుతుంది. ఈ పథకం దరఖాస్తుకు గాని, ముద్రాకు గాని మధ్యవర్తులు అవసరం లేదు.

పత్రాల విషయంలో చేయవలసింది కొద్దిగానే ఉంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం. అతిథులకు భోజనం పెడుతుంటే ఆహార భద్రత నమోదు ఉండాలి, చిన్న వ్యాపారానికి ఏడాదికి రూ.100 రుసుము. యజమాని కుటుంబం అక్కడే నివసిస్తూ ఆరు గదులు దాటని ఇంటికి కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే గుర్తింపు ఇస్తుంది. మీ టర్నోవర్ రూ.20 లక్షల లోపే కాబట్టి జీఎస్టీ నమోదు అక్కర్లేదు. గదుల డబ్బంతా ఒకే బ్యాంకు ఖాతాలోకి వచ్చేలా చూసుకోండి, రేపు రుణం అడిగినప్పుడు ఆ ఖాతాయే మీ తరఫున మాట్లాడుతుంది. డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ వాయిదాలు తప్పకుండా కట్టండి.

వచ్చే సీజను ముగిసేలోగా మంజూరు రాకపోతే ఒక్క గదితో మొదలుపెట్టండి. మేస్త్రీ లెక్కలో గదికి రూ.3.25 లక్షలు. మరమ్మతుకు, అత్యవసరానికి తీశాక మిగిలే రూ.1.5 లక్షలకు ఈ సీజను మిగులులో రూ.50 వేలు కలిపితే, ముద్రాలో రూ.1.25 లక్షలు అడిగితే చాలు. ఏడాది వాయిదాలు సుమారు రూ.32,600, ఆ గది తెచ్చేది రూ.49 వేలు. వాయిదాలను చలికాలపు నెలల్లో ఎక్కువగా, ఎండాకాలంలో తక్కువగా ఉండేలా ఖరారు చేయమని బ్యాంకు మేనేజరును రుణపత్రం మీద సంతకం పెట్టేముందే అడగండి.