దేవుడికి కారణం ఎవరు? అక్వినాస్ వాదనలో మెలిక

"అన్నిటికీ కారణం ఉంటే దేవుడికీ ఉండాలిగా, అక్వినాస్ అక్కడే ఎందుకు ఆగాడు?" అని అడిగారు. చిక్కు మొదటి మాటలోనే ఉందండీ. కారణాల వరుసకు మూలంగా దేవుడున్నాడని వాదించిన మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ (1225–1274) "అన్నిటికీ కారణం ఉంది" అనలేదు. మార్పు చెందేదానికి, అసలు లేకపోయే అవకాశం ఉన్నదానికి కారణం కావాలన్నాడు, అంతే.

ఇంకో సంగతి, ఆయన కాలంలో వెనక్కి వెళ్లి మొదలు వెతకలేదు. తాత, తండ్రి, కొడుకు వరుస తీసుకోండి. తాత పోయినా తండ్రికి పిల్లలు పుడతారు. అలాంటి వరుస అనంతంగా సాగినా ఆయనకు పేచీ లేదు. లోకానికి ఆరంభం ఉందని తర్కంతో రుజువు చేయలేమని, అది విశ్వాసం వల్లే తెలుస్తుందని ఆయనే రాశాడు.

ఇప్పుడు ఉట్టి చూడండి. పెరుగు కుండ ఉట్టిలో, ఉట్టి తాడుకు, తాడు దూలానికి. ఈ క్షణాన దూలం జారితే పెరుగంతా నేలపాలు. తాడు ఎంత పొడవున్నా దానంతట అది వేలాడదు. ఆయన వెతికింది ఆ దూలాన్ని, అంటే ఈ క్షణాన అన్నిటినీ నిలబెడుతూ, తాను దేనిమీదా ఆధారపడని కారణాన్ని. (దూలానికి గోడ కావాలిగా అంటారేమో, పోలిక అంతవరకే!)

ఆ దూలాన్ని దేవుడనే ఎందుకనాలి? దానికి ఆయన విడిగా వాదించాడు. నాకైతే అసలు బలహీనత అక్కడే కనిపిస్తుంది. మీ ప్రశ్నను అటు తిప్పితే ఇంకా పదునుగా ఉంటుంది.