ఎండిన ఏట్లో కూర్చోవడం ఎట్లా

పాపా,

జమ్మలమడుగుకు బదిలీ అయి నెల తిరగకముందే "పెదనాయనా, పెన్నేట్లో చుక్క నీళ్లు లేవు, ఇంక పక్షులెక్కడ?" అని రాశావు. మైలవరం డ్యామ్ నుంచి వదిలితే తప్ప అక్కడ ఏరు అట్లాగే ఉంటుంది. కానీ నిండుగా పారే ఏట్లో ఏ పక్షి ఎక్కడ దిగుతుందో చెప్పలేం. ఎండిన ఏట్లో చెప్పొచ్చు. చెలమ దగ్గరికి రాక తప్పదు దానికి.

గొర్రెల కాపరులు తవ్విన చెలమ ఎక్కడుందో వాళ్లనే అడుగు. తెల్లారకముందే పోయి, ముప్పై నలభై అడుగుల దూరంలో, పొద్దు నీ వీపుకు పడేట్లు కూర్చో. కంపచెట్టు నీడైనా సరే, ముళ్లు చూసుకో. మొదటి అరగంట ఏమీ రాదు. ఫోన్ మీదికి చెయ్యి పోతుంది, పోనివ్వొద్దు. ముందు గువ్వలు దిగుతాయి, ఆ వెనక గోరువంకలు గోల చేసుకుంటూ వస్తాయి.

కలివికోడిని చూడాలని ఉందన్నావు. అది ఏటి పక్షి కాదు, లంకమల వైపు చిట్టడవిలో రాత్రిపూట తిరిగేది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. అటవీ శాఖ అనుమతి లేకుండా టార్చి పట్టుకుని పోవద్దు. దాని జాడ కోసం పరిశోధకులు పొదల మధ్య నేల చదును చేసి, పొద్దున్నే అడుగులు వెతికేవాళ్లు. నీకు ఆ శ్రమ లేదు, ఇసుకను ఏరే పరచి పెట్టింది. ఎండ ఎక్కకముందు చూస్తే ముంగిస, నెమలి, నక్క ఎవరెవరు వచ్చిపోయారో తెలుస్తుంది. ఊరకుక్క అడుగులు అటూ ఇటూ పోతాయి, నక్కవి తిన్నగా పోతాయి.

ఉగాది దాటాక మాత్రం కాలు చూసి వెయ్యి. తీతువు గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో నాలుగు గుడ్లు, మొనలు లోపలికి పెట్టి ఉంటాయి. రాళ్లకూ వాటికీ తేడా తెలియదు. ఎండ మండితే తల్లి పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఇది చూడాలనే ఒకసారి నేను మరీ దగ్గరగా పోయి కదలకుండా నిలబడ్డాను. తల్లి నెత్తి మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది, నాకు ఫోటో కావాలి. పది నిమిషాలకు కాకి దిగి రెండు గుడ్లు పొడిచేసింది. ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు. తీతువు నీ మీదికి వచ్చి అరిచిందంటే, వచ్చిన దారినే వెనక్కి తిరుగు.

ఇసుక ట్రాక్టర్లు కనబడితే ఒంటరిగా గొడవకు దిగొద్దు. తేదీ, టైము, చెలమలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఎన్ని పిట్టలు వచ్చాయి, ఇవి నోటుబుక్కులో రాయి. ఏమీ రాని రోజు సున్నా అని రాయి. చాలామంది ఆ రోజు వదిలేస్తారు, నాకు దానిమీదే కోపం.

యాప్ పిట్ట కూత విని పేరు చెబుతుంది గానీ, కంటితో చూడందే నమ్మొద్దు. బైనాక్యులర్ కొనబాకు. నా 8×42 ఇంట్లో ఊరికే ఉంది, ఎడమ అద్దానికి కాస్త బూజు పట్టింది అంతే. శివరాత్రికి వచ్చినప్పుడు పట్టుకుపో.

మీ పెదనాయన