మెరుపు తర్వాతి కథ రాయి

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. గామా రే బరస్టుల మీద, అంటే ఆకాశంలో ఉన్నట్టుండి మెరిసి ఆరిపోయే గామా కిరణాల పేలుళ్ల మీద, నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. వాక్యం ఎక్కడా తడబడలేదు, సంతోషం. కానీ సగానికి పైగా పేలుడుకే ఇచ్చేశావు. సూర్యుడు జీవితకాలమంతా ఇచ్చే శక్తి కొన్ని సెకన్లలో వెలువడుతుందన్నావు, నిజమే. పాఠకుడు ‘అబ్బో’ అనుకుంటాడు, పేజీ తిప్పేస్తాడు. ఆ మెరుపు ఎక్కడిదో, దేన్లోంచి వచ్చిందో తేలింది మాత్రం, అది ఆరిపోతుంటే మనుషులు వెంటపడి చూసినందువల్ల. నీ వ్యాసం నిలబడాల్సింది అక్కడే.

1997నే తీసుకో. అప్పటికి కాంప్టన్ ఉపగ్రహం వెయ్యికి పైగా బరస్టులను లెక్కపెట్టింది. ఆకాశంలో అన్ని దిక్కుల్లోనూ సమానంగా కనిపించాయి. అయినా అవి మన గెలాక్సీ చుట్టుపక్కలవా, ఎక్కడో విశ్వం లోతుల్లోవా అన్నది తేలలేదు. 1995లో వాషింగ్టన్‌లో పాచిన్‌స్కీ, లాంబ్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు సభలో ఎదురెదురుగా నిలబడి దీని మీదే వాదించుకున్నారు. 1997 ఫిబ్రవరి 28న బెప్పోశాక్స్ ఉపగ్రహం ఒక బరస్టును పట్టి, కొన్ని గంటల్లోనే అదే చోట ఎక్స్‌రే వెలుగును చూసింది. స్పెయిన్‌కు చెందిన లా పాల్మా దీవిలో విలియం హెర్షెల్ టెలిస్కోపుతో ఆ రాత్రే ఫొటో తీశారు. మార్చి 8న అదే చోటు మళ్ళీ చూశారు. రెండూ పక్కపక్కన పెడితే చుట్టూ ఉన్న చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కటి మాత్రం లేదు. ఆ మాయమైన చుక్కే ఆఫ్టర్‌గ్లో, పేలుడు తర్వాత మిగిలి మెల్లగా ఆరిపోయే వెలుగు. అది వెలిగిన చోట మసగ్గా ఒక గెలాక్సీ ఉందని తర్వాత హబుల్ చూపించింది. ఈ రెండు ఫొటోలకు నువ్వు ఒకే వాక్యం ఇచ్చావు. ఒక పేజీ ఇవ్వు.

అదే ఏడు మే 8 నాటి బరస్టు దగ్గర ఒక పొరపాటు ఉంది. హవాయిలోని కెక్ టెలిస్కోపుతో కాల్టెక్ బృందం (మన శ్రీనివాస్ కులకర్ణి అందులో ఉన్నారు) ఆ ఆఫ్టర్‌గ్లో వర్ణపటం తీస్తే ఇనుము, మెగ్నీషియం గీతలు దొరికాయి. రెడ్‌షిఫ్ట్ (దూరం పెరిగేకొద్దీ కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే కొలత) 0.835. అవి దారిలో ఉన్న వాయువు మింగేసిన రంగులు. కాబట్టి బరస్టు ఆ వాయువులోనైనా ఉండాలి, దాని వెనకైనా ఉండాలి, ఇవతల ఉండే వీల్లేదు. అందుకే వాళ్ళు ‘కనీసం ఇంత దూరం’ అన్నారు. నువ్వు ‘ఇంత దూరం’ అని రాశావు. ఆ ‘కనీసం’ తీసెయ్యకమ్మా. తర్వాత ఆ చోటి గెలాక్సీ సొంత వెలుగులోనూ అదే రెడ్‌షిఫ్ట్ కనిపించాకే ఆ మాట అక్కర్లేకుండా పోయింది.

ఇంకో పని చెయ్యి. జీసీఎన్ సర్క్యులర్లు, అంటే బరస్టులను చూసినవాళ్ళు వెంటనే పంచుకునే చిన్న నోట్లు, చదవడం అలవాటు చేసుకో, అందరికీ అందుబాటులోనే ఉంటాయి. బరస్టు వచ్చాక ఎన్ని గంటలకు చూశారు, ఏ ఫిల్టర్, ఎంత మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక), అంతే ఉంటుంది ఒక్కోదాంట్లో. చాలావాటిలో ‘ఇంత మసక దాకా వెతికాం, ఏమీ లేదు’ అని రాసి ఉంటుంది. అది కూడా సమాచారమే! 2009 ఏప్రిల్ 23 బరస్టు మామూలు ఫిల్టర్లలో కనబడలేదు, ఇన్‌ఫ్రారెడ్‌లో కనబడింది. దూరం వల్ల కాంతి అంతగా ఎరుపు వైపు జరిగిపోయిందన్నమాట. ఆ లేకపోవడం పట్టుకునే వెళ్ళి, అది విశ్వానికి దాదాపు 63 కోట్ల ఏళ్ల వయసున్నప్పటి వెలుగని తేల్చారు.

ఈ వేటలోని టెన్షన్ కూడా నీ వాక్యంలోకి రావాలి. గంట తర్వాత ఉన్న వెలుగు పది గంటలకు సుమారు పదో వంతుకు పడిపోతుంది. ఈలోపు ఒకచోట మబ్బు, ఇంకోచోట పగలు. అందుకే లడఖ్‌లోని హాన్లేలో హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు ఈ వేటలో ముఖ్యం. చిలీకి, హవాయికి తెల్లారిపోయిన గంటల్లో మనకు రాత్రి. 2008 మార్చి 19 బరస్టును మనవాళ్ళు మామూలు కంటితో చూసి ఉండేవారా అని అడిగావు కదా. అది అర నిమిషం పైచిలుకు 5వ మ్యాగ్నిట్యూడ్ దాకా వెలిగింది, 750 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన కాంతి. అప్పుడు మన గడియారంలో పగలు 11:42.

గెలాక్సీల భాగం కుదించకు. పొడవాటి బరస్టులు (రెండు సెకన్లకు మించి సాగేవి) ఎక్కువగా కొత్త నక్షత్రాలు జోరుగా పుడుతున్న చిన్న గెలాక్సీల్లో, అందులోనూ బాగా వెలిగే చోట్ల కనిపిస్తాయి. భారీ నక్షత్రాలు తక్కువకాలం బతికి, పుట్టిన చోటే పోతాయి కాబట్టి. 2017 ఆగస్టు 17 నాటి పొట్టి బరస్టు రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (చచ్చిపోయిన భారీ నక్షత్రాల దట్టమైన గుండెలు) ఢీకొంటే వచ్చింది. దాని ఊరు ఎన్‌జీసీ 4993, ముసలి నక్షత్రాల గెలాక్సీ, 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఇలా పుట్టిన చోటును బట్టి పుట్టుక తెలుస్తుంది. కానీ ‘రెండు సెకన్లు దాటితే భారీ నక్షత్రమే’ అని నువ్వు గీసిన గీత చెరిపెయ్యి. 2021 డిసెంబర్ 11 బరస్టు చాలా సెకన్లు సాగింది, తీరా వెనకాల కిలోనోవా, అంటే న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు కనిపించే వెలుగు, బయటపడింది.

ఇంకొక్క దిద్దుబాటు. అణు పరీక్షలను కనిపెట్టడానికి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు మొదటి బరస్టును నమోదు చేసింది 1967లో, లోకానికి తెలిసింది 1973లో. నీ రాతలో రెండూ కలిసిపోయాయి. సరిచేసి, లా పాల్మా ఫొటోల భాగం మాత్రం ముందు రాసి పంపు. మిగతావి అది చూశాక మాట్లాడుకుందాం.

ఉంటాను.