బొడ్డువాపు నుంచి రక్తంలోకి: లేగదూడలో ప్రమాద సంకేతాలు

ప్రశ్న: మా ఆవుదూడ పుట్టి ఆరు రోజులైంది. మూడో రోజున బొడ్డు వాచి చీము పట్టడంతో పైపూత మందు రాస్తున్నాం. నిన్న బాగా జ్వరం వచ్చింది. ఈ రోజు ఒళ్ళు చల్లబడింది కానీ దూడ పాలు తాగడం లేదు, ముందు మోకాళ్ళు వాచి లేవలేకపోతోంది. బొడ్డు దగ్గరి జబ్బు కాళ్ళకు ఎలా పాకింది? జ్వరం తగ్గింది కనుక ఒకటి రెండు రోజులు చూడవచ్చా?

జవాబు: చూడవద్దు, ఈ రోజే పశువైద్యుడిని పిలిపించండి. మీరు రాసిన లక్షణాలను బట్టి బొడ్డులో చేరిన సూక్ష్మజీవులు రక్తంలో కలిశాయని అనుమానించాలి. బొడ్డుతాడు బయటికి ఎండినట్టు కనిపించినా, కడుపు లోపల దాని సిర కాలేయం వరకూ, ధమనులు మూత్రాశయం పక్కగా వెనుకకూ సాగి ఉంటాయి. ఆ దారిన రక్తంలోకి వెళ్ళిన సూక్ష్మజీవులు ఒళ్ళంతా తిరిగి కీళ్ళలోనూ, కొన్నిసార్లు మెదడు పొరల్లోనూ, కంటిలోనూ స్థిరపడతాయి. అందువల్ల బొడ్డుకో మోకాలికో పైపూత రాస్తే సరిపోదు.

ఒళ్ళు చల్లబడటం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. లేగదూడకు మామూలుగా 101.5 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్ ఉష్ణోగ్రత ఉంటుంది. రక్తప్రసరణ దెబ్బతిన్నప్పుడు అది అంతకంటే కిందికి పడిపోతుంది, చెవులు, కాళ్ళ చివర్లు చల్లగా తగులుతాయి. చిగురును వేలితో నొక్కి వదిలి చూడండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రాకపోతే పరిస్థితి విషమించిందని అర్థం.

వైద్యుడు వచ్చేలోగా దూడను పొడి గడ్డి మీద వెచ్చగా ఉంచండి. శుభ్రమైన వేలు నోట్లో పెట్టినా చప్పరించని దూడకు పాలు బలవంతంగా పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ కూడా వేయవద్దు, ఎందుకంటే ఏ సూక్ష్మజీవి ఉందో, దానిపై ఏ మందు పనిచేస్తుందో తేల్చే రక్త పరీక్షకు మందు వేయకముందు తీసిన నమూనాయే మేలు. అయితే ఆ ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, నమూనా తీసిన వెంటనే వైద్యుడు ఇంజెక్షన్లు, సెలైన్ మొదలుపెడతారు. దూడ లేచి తిరిగినా, చెప్పినన్ని రోజులూ మందు వాడాలి. కీళ్ళు వాచిన దశలో దూడ బతికినా కుంటితనం మిగిలిపోయే అవకాశం ఉందని ముందే చెప్పడం మంచిది.

దూడ ముర్రుపాలు ఎప్పుడు తాగిందో మీరు రాయలేదు. ఆవు రక్తంలోని రక్షక పదార్థాలు మాయ ద్వారా దూడకు అందవు, ముర్రుపాలతోనే అందాలి. వాటిని పీల్చుకునే శక్తి దూడ పేగుకు గంట గంటకూ తగ్గి, 24 గంటలకు దాదాపు పోతుంది. కనుక వచ్చే ఈతలో మాయ పడేదాకా ఆగకుండా, పుట్టిన రెండు గంటల్లోపే ముర్రుపాలు పట్టడం మొదలుపెట్టండి. 30 కిలోల దూడకు సుమారు మూడు లీటర్లు అవసరం. బొడ్డుతాడును 7 శాతం టింక్చర్ అయోడిన్‌లో పూర్తిగా ముంచి, అది ఎండే వరకు పరుపుగడ్డిని రోజూ మార్చండి.